ఏఐతో భక్తి పాట: ఏది మార్చకూడదు, ఎక్కడ వెతకాలి?



సునో లాంటి టూల్‌లో ఒకే ప్రాంప్ట్ ఇచ్చి రెండుసార్లు నొక్కి చూడండి. ప్రతిసారీ వేరే పాటలు వస్తాయి. ఇది మంచిదా, చెడ్డదా అంటే మనం చేసే పనిని బట్టి ఉంటుంది.

కర్ణాటక సంగీతంలో ఈ రెండు దారులూ ఎప్పటినుంచో ఉన్నాయి. గురువు నేర్పిన కృతిని అలాగే పాడితే కల్పిత సంగీతం. ఆలాపన, నెరవల్, స్వరకల్పన మనోధర్మ సంగీతం. అప్పటికప్పుడు పుట్టేదైనా అది రాగం దాటదు.

1. ఒకేలా రావాలంటే

అష్టాదశ శక్తిపీఠాల్లో ఒకటైన ఆలంపూర్ జోగులాంబ అమ్మవారి మీద ప్రతి శుక్రవారం ఒక పాట చేస్తున్నారనుకోండి. వినగానే "ఇది ఆ సిరీస్ పాటే" అనిపించాలి. ప్రాంప్ట్‌ని ఇలా రాసి దాచుకోండి: "ఆడ గొంతు, హార్మోనియం, డోలక్, తాళాలు, నిదానమైన నడక, ప్రశాంతమైన భక్తి." వారం వారం సాహిత్యం మాత్రమే మార్చండి. నచ్చకపోతే ఒకసారికి ఒక్క మాటే మార్చండి. మూడు మారిస్తే ఏది పనిచేసిందో తెలీదు.

2. కొత్తది వెతకాలంటే

నల్లమలలో చైత్ర పౌర్ణమికి జరిగే సలేశ్వరం జాతర మీద పాట కావాలి. అది ఎలా ఉండాలో మీకే ఇంకా తెలీదు. అప్పుడు ప్రాంప్ట్ చిన్నగా ఇవ్వండి: "అడవి, లోయ, జలపాతం, శివుడి కోసం నడక." పది వెర్షన్లు వినండి. మనసుకి తగిలినది ఒక్కటి ఉంచుకుని, అందులో ఏ వాయిద్యం, ఏ నడక నచ్చిందో రాసుకోండి. అదే రేపటి మీ స్థిరమైన ప్రాంప్ట్.

3. ప్రయోగం వద్దన్న చోట్లు

అమ్మవారి పేరు తప్పు పలికితే ఎంత మంచి ట్యూన్ అయినా పక్కన పెట్టేయండి. "జో-గు-లాం-బ" అని విడదీసి రాసి మళ్ళీ ప్రయత్నించండి. వేదమంత్రాలకి స్వరం నియమం ఉంది. వాటిని టూల్‌కి ఇవ్వకండి.

ఇంకోటి, కిన్నెర. నాగర్‌కర్నూల్ జిల్లాకి చెందిన దర్శనం మొగిలయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది పన్నెండు మెట్ల కిన్నెర వల్లే. ఆ వాయిద్యం వాయించేవాళ్లు చాలా తక్కువ. మీరు ప్రాంప్ట్‌లో "కిన్నెర" అని రాసినా టూల్ ఏదో ఒక తీగ వాయిద్యం మోగించి ఊరుకోవచ్చు. దాన్నే కిన్నెర అని వీడియోలో పెడితే, అసలు శబ్దం ఎప్పుడూ విననివాళ్లు అదే నిజం అనుకుంటారు. కిన్నెర కావాలంటే కళాకారుడికి పారితోషికం ఇచ్చి రికార్డ్ చేయించండి. ఏఐ పాటకి "ఏఐతో చేసింది" అని రాయండి.

ఈ వారం సాధన

వనపర్తి జిల్లా శ్రీరంగాపురం రంగనాయకస్వామి మీద సొంతంగా నాలుగు పంక్తులు రాయండి. వాటిని రెండు పద్ధతుల్లోనూ చేసి, ఇంట్లో పెద్దవాళ్లకి వినిపించండి. ఏ పాటకి వాళ్ల చేతులు తాళం వేశాయో చూడండి.

జై జోగులాంబ!