వేడి దాటుతుంది, ఉప్పు దాటదు

సముద్రతీర గ్రామాలలో, రేవులలో, వెనుకభాగాన మోటారు తగిలించిన పడవలను మీలో చాలామంది చూసే ఉంటారు. పడవ వెనుక అంచుకు బిగించి, కావలసినప్పుడు పైకి ఎత్తడానికీ, ఊడదీయడానికీ వీలుగా ఉండే ఈ మోటారును అవుట్‌బోర్డ్ మోటారు అంటారు. నార్వేలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఓలీ ఎవిన్‌రూడ్ 1909లో ఇటువంటి మోటార్లను తయారుచేసి అమ్మడం మొదలుపెట్టాడు. అప్పటినుండి ఇవి ప్రపంచమంతటా వ్యాపించాయి.

ఈసారి అటువంటి పడవ కనిపిస్తే ఒక విషయం గమనించండి. మోటారు నడుస్తున్నంతసేపూ దాని ప్రక్కనుండి పెన్సిలంత సన్నని నీటిధార ఒకటి బయటికి చిమ్ముతూ ఉంటుంది. పడవ నడిపేవారు మధ్యమధ్య వెనుదిరిగి ఆ ధారను చూసుకుంటారు. ధార ఆగితే మోటారును కూడా ఆపవలసిందే. లేకపోతే మోటారు పాడై, పడవ నడిసముద్రంలో నిలిచిపోతుంది.

ఆ నీరు ఎక్కడిది? దానిలోని ఉప్పు మోటారును ఏం చేస్తుంది? ఉప్పునీటిని ఇంజను గోడలకు తగలనీయకుండా ఇంజనును చల్లబరచడం సాధ్యమా? ఈ మూడు ప్రశ్నలకు జవాబులు తెలుసుకుందాం.

ఇంత వేడి ఎక్కడిది?

మోటారులోని సిలిండరులో ఇంధనం మండే క్షణంలో వాయువుల ఉష్ణోగ్రత 2000 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. ఇంజనులో ఎక్కువ భాగం అల్యూమినియం మిశ్రమలోహంతో చేసినది. స్వచ్ఛమైన అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది. అయినా ఇంజను కరగకపోవడానికి కారణం, గోడలకు చేరిన వేడిని ఎప్పటికప్పుడు తీసివేస్తూ ఉండటమే.

ఎంత వేడిని తీసివేయాలి? ఒక చిన్న లెక్క వేద్దాం. ఇంధనంలోని శక్తిలో ఇంచుమించు మూడవ వంతు మాత్రమే పని చేయడానికి ఉపయోగపడుతుంది. మరో మూడవ వంతు పొగతో బయటికి పోతుంది. మిగిలిన మూడవ వంతును చల్లబరిచే ఏర్పాటు మోసుకుపోవాలి. 40 అశ్వసామర్థ్యం గల మోటారును తీసుకోండి. ఒక అశ్వసామర్థ్యం 746 వాట్లు గనుక, ఈ మోటారు చేసే పని సెకనుకు సుమారు 30 కిలోజౌళ్ళు. అంటే నీరు మోసుకుపోవలసిన వేడి కూడా సెకనుకు సుమారు 30 కిలోజౌళ్ళే.

నీటి విశిష్టోష్ణం ఒక కిలోగ్రాముకు, ఒక డిగ్రీకి 4.2 కిలోజౌళ్ళు. నీరు ఇంజనులో ప్రవేశించి బయటికి వచ్చేలోగా 30 డిగ్రీలు వేడెక్కిందనుకుందాం. అప్పుడు 30ని 4.2 × 30తో భాగిస్తే సెకనుకు 0.24 కిలోగ్రాముల నీరు కావాలి. నిమిషానికి సుమారు 14 లీటర్లు! అంటే మోటారు పూర్తి వేగంతో నడిచినంతసేపూ నిమిషానికి ఒక బిందెడు నీళ్ళు దాని గుండా ప్రవహించాలి.

సముద్రమే చల్లబరిచే నీరు

ఇన్ని నీళ్ళు ఎక్కడ దొరుకుతాయి? పడవ క్రిందనే ఉన్నాయి కదా! అందుకే చాలా అవుట్‌బోర్డ్ మోటార్లలో సముద్రపు నీటినే నేరుగా వాడతారు. నీటిలో మునిగి ఉండే మోటారు క్రింది భాగానికి జల్లెడ వంటి రంధ్రాలుంటాయి. వాటికి పైన రబ్బరు రెక్కల చక్రం గల చిన్న పంపు ఉంటుంది. ఇంజను తిరిగితే పంపు కూడా తిరుగుతుంది. అది రంధ్రాలగుండా నీటిని పీల్చి ఇంజను గోడలలోని దారులలోకి ఎక్కిస్తుంది. నీరు వేడిని తీసుకొని, పొగతోపాటు తిరిగి సముద్రంలోకి పోతుంది. దానిలో కొద్దిభాగాన్ని పైనుండి ధారగా బయటికి వదులుతారు. మీరు చూసిన ధార అదే. పంపు పనిచేస్తున్నదని చెప్పే సాక్షి అది.

ఏర్పాటు ఎంతో సులువు. ట్యాంకు అక్కరలేదు, రేడియేటరు అక్కరలేదు, ఫ్యాను అక్కరలేదు. మంచినీటి చెరువులలో, నదులలో ఇది చక్కగా పనిచేస్తుంది. సముద్రంలోనే చిక్కు వస్తుంది.

ఉప్పునీరు చేసే చేటు

ఒక కిలోగ్రాము సముద్రపు నీటిలో సగటున 35 గ్రాముల లవణాలుంటాయి. ఇవి ఇంజనుకు మూడు విధాలుగా హాని చేస్తాయి.

మొదటిది పెచ్చు కట్టడం. కఠినజలాన్ని మరగబెట్టిన గిన్నె అడుగున తెల్లటి పొర ఏర్పడటం మీరు ఇంట్లో చూసే ఉంటారు. నీటిలో కరిగి ఉన్న కాల్షియం బైకార్బనేటు వేడికి విడిపోయి, కరగని కాల్షియం కార్బనేటుగా మారుతుంది. ఇంజను వేడి గోడలమీద జరిగేదీ ఇదే. ఈ పెచ్చు యొక్క ఉష్ణవాహకత అల్యూమినియం ఉష్ణవాహకతకన్నా కొన్ని పదుల రెట్లు తక్కువ. అంటే గోడకు, నీటికి మధ్య దుప్పటి కప్పినట్లే. నీరు ప్రవహిస్తున్నా గోడ చల్లబడదు.

రెండవది ఉప్పు మిగిలిపోవడం. మామూలు ఉప్పు లీటరు నీటిలో 350 గ్రాములకు పైగా కరుగుతుంది. కాబట్టి ప్రవహిస్తున్న సముద్రపు నీటినుండి అది విడివడదు. కాని మోటారును ఆపిన తరువాత లోపల మిగిలిన తడి ఆరిపోతుంది, ఉప్పు స్ఫటికాలు మిగులుతాయి. రోజురోజుకూ పేరుకొని సన్నని దారులను మూసివేస్తాయి.

మూడవది లోహక్షయం. అల్యూమినియం మీద సహజంగా ఏర్పడే ఆక్సైడు పొర దానికి కవచం వంటిది. ఉప్పునీటిలోని క్లోరైడు అయాన్లు ఆ కవచానికి తూట్లు పొడుస్తాయి. పైగా అల్యూమినియం దిమ్మకు ఉక్కు బోల్టులుంటాయి. రెండు వేర్వేరు లోహాలు, మధ్య ఉప్పునీరు: ఇది విద్యుత్ ఘటమే! దీనిలో కరిగిపోయేది అల్యూమినియం. దానిని కాపాడటానికి మోటారుకు జింకు వంటి లోహపు ముక్కలను బిగిస్తారు. ఇంజనుకు బదులు అవి కరుగుతాయి. అరిగిన తరువాత మార్చుకోవాలి. లోహాల చర్యాశీలతా శ్రేణిలో అల్యూమినియం జింకుకన్నా పైన ఉన్నదే అని మీకు సందేహం రావచ్చు. సముద్రపు నీటిలో అల్యూమినియం మీది ఆక్సైడు పొర వల్ల జింకే ముందుగా కరుగుతుంది.

ఇంకొక నష్టం కూడా ఉంది. నీరు ఎంత వేడెక్కితే పెచ్చు అంత త్వరగా కడుతుంది. అందువల్ల సముద్రపు నీటిని నేరుగా వాడే ఇంజనును కాస్త చల్లగానే నడపాలి. నీటి దారిలో థర్మోస్టాట్ అనే తలుపు ఉంటుంది. నీరు ఒక ఉష్ణోగ్రతకు చేరగానే అది తెరుచుకుంటుంది. మోటారుకార్లలో ఇది సుమారు 80 నుండి 90 డిగ్రీల దగ్గర తెరుచుకుంటే, చాలా అవుట్‌బోర్డ్ మోటార్లలో 60 డిగ్రీల ప్రాంతంలోనే తెరుచుకుంటుంది. ఇంజను మరీ చల్లగా నడిస్తే ఇంధనం సరిగా ఆవిరి కాదు. కొంత ఇంధనం, తేమ ఇంజను నూనెలో కలిసి దానిని పలచన చేస్తాయి.

రెండు నీళ్ళు, మధ్య ఒక గోడ

ఈ చిక్కుకు ఇంజనీర్లు కనిపెట్టిన ఉపాయమే సంవృత వలయ శీతలీకరణ. సంవృతం అంటే మూసి ఉన్నది. ఇందులో ఇంజనుకు కావలసిన ద్రవాన్ని ఒకసారి లోపల నింపి మూసివేస్తారు. అది బయటికి పోదు. సముద్రపు నీరు దానిలో కలవదు. ఆ ద్రవం ఇంజను గోడల వేడిని తీసుకొని ఒక పెట్టెలోకి వస్తుంది. ఆ పెట్టెను హీట్ ఎక్స్ఛేంజర్ అంటారు, తెలుగులో ఉష్ణ వినిమాయకం అనవచ్చు. దానిలో సన్నని గొట్టాలు వరుసగా ఉంటాయి. గొట్టాలకు ఒక ప్రక్క వేడి ద్రవం, మరొక ప్రక్క సముద్రపు నీరు ప్రవహిస్తాయి. లోహపు గోడ గుండా వేడి దాటుతుంది, ఉప్పు దాటదు. చల్లబడిన ద్రవం మళ్ళీ ఇంజనులోకి వెళుతుంది. సముద్రపు నీరు వేడిని తీసుకొని సముద్రంలోకి పోతుంది.

రెండు ప్రవాహాలను సాధారణంగా ఎదురెదురు దిశలలో నడుపుతారు. ఎందుకో చూడండి. ఇంజనునుండి ద్రవం 85 డిగ్రీలతో వచ్చి 70 డిగ్రీలతో పోతున్నదనుకుందాం. సముద్రపు నీరు 28 డిగ్రీలతో వచ్చి 45 డిగ్రీలతో పోతున్నదనుకుందాం. ఎదురెదురుగా నడిపితే ఒక చివర 85, 45 ప్రక్కప్రక్కన ఉంటాయి. రెండవ చివర 70, 28 ఉంటాయి. తేడాలు 40, 42 డిగ్రీలు. గొట్టం పొడవునా తేడా ఇంచుమించు సమానంగా ఉండటంవల్ల గొట్టమంతా ఉపయోగపడుతుంది. రెండింటినీ ఒకే దిశలో నడిపితే తేడా ఒక చివర 57 డిగ్రీలు ఉన్నా, రెండవ చివరకు 25కు పడిపోతుంది.

వలయంలోని ద్రవం వట్టి నీరు కాదు. నీటిలో ఇథిలీన్ గ్లైకాల్, లోహక్షయాన్ని అడ్డుకొనే రసాయనాలు కలుపుతారు. గ్లైకాల్ వల్ల ద్రవం నీటికన్నా ఎక్కువ ఉష్ణోగ్రత దగ్గర మరుగుతుంది. చలిదేశాలలో గడ్డకట్టకుండా కూడా ఉంటుంది. వేడికి ద్రవం వ్యాకోచిస్తుంది గనుక, దానికి చోటివ్వడానికి చిన్న వ్యాకోచ తొట్టి ఉంటుంది. ఒక హెచ్చరిక: ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉన్నా విషం. వేడిగా ఉన్న తొట్టి మూత తెరిస్తే పీడనంవల్ల ద్రవం ముఖంమీదికి చిమ్ముతుంది.

మరి అన్ని మోటార్లలో ఎందుకు లేదు?

ఈ పద్ధతి కొత్తది కాదు. ఓడలలోని పెద్ద డీజిల్ ఇంజనులను ఇలాగే చల్లబరుస్తారు. కాని అవుట్‌బోర్డ్ మోటారు పడవ అంచున వ్రేలాడుతూ ఉండే యంత్రం. అదనపు పంపు, తొట్టి, ఉష్ణ వినిమాయకం చేర్చితే బరువు, ఖరీదు పెరుగుతాయి; చెడిపోయే భాగాలు కూడా పెరుగుతాయి. కాబట్టి చిన్న మోటార్లలో ఇది అరుదు. ఖరీదైన పెద్ద మోటార్లలో దీనికి స్థానం దొరికింది. అమెరికాలోని సెవెన్ మెరైన్ సంస్థ 2011లో 557 అశ్వసామర్థ్యం గల అవుట్‌బోర్డ్ మోటారును ఈ పద్ధతితో ప్రవేశపెట్టింది. దానిలోని 6.2 లీటర్ల ఇంజను మోటారుకారు ఇంజనునుండి రూపొందినది. మోటారుకారు ఇంజను మూసిన వలయానికి అలవాటుపడినదే గదా! ఆ మోటారు ఇప్పుడు తయారీలో లేదు. మోటారుకార్ల డీజిల్ ఇంజనుల ఆధారంగా చేసిన కొన్ని అవుట్‌బోర్డ్ మోటార్లలోనూ ఇదే పద్ధతి వాడారు.

ఒక పొరపాటు అభిప్రాయం మాత్రం పెట్టుకోకండి. వలయం మూసినంత మాత్రాన సముద్రంతో సంబంధం తెగిపోదు. ఉష్ణ వినిమాయకానికి సముద్రపు నీరు కావాలి. దానిని తెచ్చే రబ్బరు పంపు ఉండనే ఉంటుంది. నాచు గాని, ప్లాస్టిక్ సంచి గాని క్రింది రంధ్రాలను మూసివేస్తే ఈ మోటారు కూడా వేడెక్కిపోతుంది. ఉప్పు బెడద ఇంజనునుండి గొట్టాల పెట్టెకు మారుతుంది. అయితే ఆ పెట్టెను ఊడదీసి శుభ్రం చేయవచ్చు, మార్చవచ్చు. ఇంజను దిమ్మను మార్చడం అంత తేలిక కాదు. అసలు లాభం ఇక్కడే ఉంది.

నేరుగా సముద్రపు నీటితో నడిచే మోటారు ఉన్నవారు ఏం చేయాలి? ఒడ్డుకు వచ్చిన తరువాత మంచినీటిని మోటారుగుండా కొద్దిసేపు నడిపితే లోపలి ఉప్పు కొట్టుకుపోతుంది. కాని నీరు లేకుండా మోటారును త్రిప్పరాదు. రబ్బరు రెక్కలకు నీరే కందెన. పొడిగా తిరిగితే అవి త్వరగా చెడిపోతాయి. మీ ఇంట్లో ఇటువంటి మోటారు ఉంటే, దానిని ఎలా కడుగుతున్నారో పెద్దలను అడిగి చూడండి.

చేసి చూడండి

కావలసినవి: ఒక స్టీలు గ్లాసు, ఒక చిన్న బేసిను, రెండు థర్మామీటర్లు, ఉప్పు, నీలి సిరా.

బేసినులో లీటరు నీళ్ళు పోసి రెండు పెద్ద చెంచాల ఉప్పు, కొన్ని సిరా చుక్కలు కలపండి. ఇదే మీ సముద్రం. గ్లాసులో సుమారు 70 డిగ్రీల వేడినీరు 200 మిల్లీలీటర్లు పోయండి. వేడినీటితో పని గనుక పెద్దల సహాయం తీసుకోండి. బేసినులోని నీరు గ్లాసు అంచును దాటకుండా చూస్తూ గ్లాసును మధ్యలో నిలపండి. నిమిషానికొకసారి రెండు ఉష్ణోగ్రతలనూ వ్రాసుకొని గ్రాఫు గీయండి.

బేసిను నీరు మొదట 30 డిగ్రీలు ఉంటే, రెండూ సుమారు 37 డిగ్రీల దగ్గర కలుసుకోవాలని లెక్క చెబుతుంది. పాత్రలు, గాలి కొంత వేడిని తీసుకుంటాయి గనుక మీకు కాస్త తక్కువ రావచ్చు. ఇప్పుడు గ్లాసులోని నీటిని చూడండి. చల్లబడింది, సిరా రంగు మాత్రం రాలేదు.

ఇదే సూత్రం ఇంకా చాలాచోట్ల కనిపిస్తుంది. విశాఖపట్నం సమీపంలోని సింహాద్రి తాప విద్యుత్కేంద్రంలో టర్బైనునుండి వచ్చే ఆవిరిని నీరుగా మార్చడానికి సముద్రపు నీటిని వాడతారు. అక్కడ కూడా ఆవిరికి, ఉప్పునీటికి మధ్య గొట్టాల గోడ ఉంటుంది.

ఆలోచించండి

1. 20 అశ్వసామర్థ్యం గల మోటారుకు నిమిషానికి ఎన్ని లీటర్ల నీరు కావాలి? పై లెక్క ప్రకారమే చేయండి.

2. ఉష్ణ వినిమాయకం గొట్టాలను లావైన గోడలతో గాక పలచని గోడలతో ఎందుకు చేస్తారు? ఒకే లావు గొట్టానికి బదులు అనేక సన్నని గొట్టాలు ఎందుకు పెడతారు?

3. సంవృత వలయం గల ఒక మోటారులో ప్రక్కనుండి సముద్రపు నీటిధార చక్కగా వస్తున్నది. అయినా ఇంజను ఉష్ణోగ్రత పెరుగుతున్నది. లోపం ఎక్కడ ఉండవచ్చు? ఇటువంటి మోటారు నడిపేవారు ధారను మాత్రమే నమ్ముకోవచ్చునా?

మూడవ ప్రశ్నకు ఒకటికన్నా ఎక్కువ జవాబులున్నాయి. మీ తరగతిలో చర్చించండి.