బంతి ముందే బయల్దేరుతుంది

మేనల్లుడికి,

స్కూల్ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో రిసీవర్‌గా చోటు దొరికిందని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం. ఏ గ్లవ్స్ కొనాలి, ఒంటిచేత్తో పట్టడం ఎలా నేర్చుకోవాలి అని అడుగుతున్నావట. అవి తర్వాత. ముందుగా రేమండ్ బెరీ అనే పాతకాలపు రిసీవర్ గురించి తెలుసుకోవాలి. మీ డాలస్ వైపే పెరిగినవాడు.

డాలస్‌కి ఈశాన్యాన ప్యారిస్ అనే చిన్న ఊరుంది. బెరీ అక్కడి హైస్కూల్లో ఆడాడు. కోచ్ కన్నతండ్రే, అయినా ఆఖరి ఏడాది వచ్చేదాకా కొడుకుని మొదటి జట్టులో పెట్టలేదు. డాలస్‌లోని సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీలో మూడు సీజన్లు కలిపి అతను పట్టిన పాసులు 33. ప్రొఫెషనల్ జట్లు కుర్రాళ్లను ఎంచుకునే 1954 డ్రాఫ్ట్‌లో బాల్టిమోర్ కోల్ట్స్ జట్టు ఇరవయ్యో రౌండ్లో తీసుకుంది. పరుగులో వేగం అంతంతమాత్రం. చూపూ తక్కువే, కాంటాక్ట్ లెన్స్‌లు పెట్టుకుని ఆడేవాడు. అతనికి జతపడిన, బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ జానీ యూనిటాస్ కథ కూడా అలాంటిదే. 1955లో పిట్స్‌బర్గ్ స్టీలర్స్ సీజన్ మొదలవకముందే అతన్ని వదిలేస్తే, ఆటకి కొద్ది డాలర్లిచ్చే స్థానిక జట్టులో ఆడుకుంటూ ఉండిపోయాడు. 1956లో కోల్ట్స్‌లో చేరాడు.

జట్టు ప్రాక్టీస్ ముగిశాక అందరూ వెళ్లిపోయినా ఈ ఇద్దరూ మైదానంలోనే ఉండేవారు. ఒకే రూట్‌ని, అంటే రిసీవర్ పరిగెత్తే దారిని, మళ్లీ మళ్లీ. ఎన్ని అడుగులకి తిరగాలి, బంతి చేతిలోంచి ఎప్పుడు వదలాలి, డిఫెండర్ ఇలా నిలబడితే ఏం చేయాలి, అలా నిలబడితే ఏం చేయాలి. బెరీ మంచి పాసులతో సరిపెట్టుకోలేదు. తలమీదుగా పోయేవి, మోకాళ్ల కిందికి వచ్చేవి, వీపు వెనక పడేవి కావాలని విసిరించుకుని పట్టేవాడు. సెలవుల్లో క్వార్టర్‌బ్యాక్ దొరక్కపోతే భార్య చేత విసిరించుకునేవాడు. వేళ్లలో బలం కోసం పిల్లలాడుకునే రబ్బరు ముద్దను రోజంతా పిసుకుతూ ఉండేవాడు.

ఆ శ్రమంతా ఒక్కచోట కనబడింది. 1958 డిసెంబర్ 28న న్యూయార్క్ యాంకీ స్టేడియంలో జెయింట్స్ జట్టుతో ఛాంపియన్‌షిప్ ఆట. రెండు నిమిషాలు కూడా లేవు, కోల్ట్స్ 14-17తో వెనకబడి ఉంది, బంతి సొంత కొసలో ఉంది. ఆ వరసలో ఒకసారి ఆట మొదలుపెట్టబోతుండగా జెయింట్స్ లైన్‌బ్యాకర్ మామూలుగా జరగని విధంగా బెరీకి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. అలా జరిగితే ఏం చేయాలో ఇద్దరూ ఎప్పుడో మాట్లాడుకుని ఉన్నారు. యూనిటాస్ బెరీ వైపు చూశాడు, బెరీ యూనిటాస్ వైపు చూశాడు. అనుకున్న రూట్ వదిలేసి బెరీ ఏటవాలుగా లోపలికి దూసుకెళ్లాడు. 25 గజాలు. ఆ వెంటనే మరో రెండు పాసులు, మూడూ కలిపి 62 గజాలు. ఏడు సెకన్లుండగా ఫీల్డ్ గోల్‌తో స్కోరు సమమైంది, అదనపు సమయంలో కోల్ట్స్ 23-17తో గెలిచింది. ఆ రోజు బెరీ పట్టినవి 12 పాసులు, 178 గజాలు.

రిసీవర్ తల తిప్పేసరికి బంతి దారిలో ఉండాలి. ఈ ఆటలో కష్టమంతా అక్కడే ఉంది. పది గజాల 'అవుట్' రూట్‌నే తీసుకో. మైదానానికి కుడివైపున్న రిసీవర్ మొదటి అడుగు నుంచే పూర్తి వేగంతో నేరుగా పరిగెత్తాలి, లోతుగా పోతున్నాడని డిఫెండర్ నమ్మాలి. పది గజాల దగ్గర నడుం దించి, అడుగులు కురచ చేసి, ఎడమ పాదం నేలకి తన్ని సైడ్‌లైన్ వైపు మళ్లాలి. క్వార్టర్‌బ్యాక్ అయిదడుగులు వెనక్కి వేస్తాడు (ముందే వెనక నిలబడే షాట్‌గన్‌లో అయితే మూడే). ఆఖరి అడుగు నేలని తాకిన క్షణంలో బంతి వదలాలి, అంటే రిసీవర్ ఇంకా తిరగకముందే. మళ్లాడని కంటితో చూశాక విసిరితే ఆలస్యమైనట్టే, డిఫెండర్ మధ్యలో అందుకుని అటునుంచి అటే టచ్‌డౌన్‌కి పరిగెత్తుతాడు. అందుకే ఆ బంతిని కాస్త కిందికి, సైడ్‌లైన్ పక్కకి వేయాలి. రిసీవర్‌కి తప్ప ఇంకెవరికీ అందకూడదు.

దీనికి మొదటి డ్రిల్ చాలా తేలిక. రిసీవర్ క్వార్టర్‌బ్యాక్‌కి వీపు పెట్టి పది గజాల దూరంలో నిలబడతాడు. అవతలివాడు బంతి వదిలాకే కేక వేస్తాడు. రిసీవర్ ముందు తల, తర్వాత భుజాలు తిప్పి బంతి ముందుకొసను కళ్లతో దొరకబుచ్చుకోవాలి. నడుం పైన వచ్చే బంతికి బొటనవేళ్లు దగ్గరగా, కిందికి వచ్చేదానికి చిటికెనవేళ్లు దగ్గరగా పెట్టాలి. బంతి చంకలోకి చేరేదాకా కళ్లు దానిమీదే ఉండాలి. చాలా పాసులు జారేది అక్కడే, పట్టకముందే పరుగు మీదికి మనసు పోయినప్పుడు.

ఇటుకల కథ నువ్వు వినే ఉంటావు. రిసీవర్ జెర్రీ రైస్ మిసిసిపీలో తాపీమేస్త్రీ కొడుకు, అన్నదమ్ములు కిందినుంచి విసిరిన ఇటుకల్ని పరంజా మీద నిలబడి పట్టేవాడు. అంతటి చేతులున్నా 1985లో శాన్‌ఫ్రాన్సిస్కో తరఫున మొదటి సీజన్‌లో పాసులు తెగ జారవిడిచాడు, సొంత ప్రేక్షకులే అరిచి అవమానించారు. ఆ తర్వాత ప్రాక్టీస్‌లో పట్టిన ప్రతి చిన్న పాసునీ ఎండ్‌జోన్ దాకా పరిగెత్తించుకెళ్లడం అలవాటు చేసుకున్నాడు. రిటైరయ్యేనాటికి 1,549 పాసులు, 22,895 గజాలు.

బంతులు విసిరే జగ్స్ మెషీన్ స్కూల్లో ఉంటే వాడుకో, చేతులకి మంచిదే. కానీ మెషీన్‌కి నీ అడుగులు తెలియవు. కోచ్‌లు పెట్టించే గాంట్‌లెట్ డ్రిల్ కూడా అంతే: మైదానం అడ్డంగా గీత మీద పరిగెత్తుతూ అటొకటి ఇటొకటి వచ్చే బంతుల్ని పట్టడం. డ్రాఫ్ట్‌కి ముందు కుర్రాళ్లని పరీక్షించే ఇండియానాపొలిస్ కంబైన్‌లో ఇది చేయిస్తారు, ఏటా టీవీలో చూపిస్తారు. కళ్లు చురుకవుతాయి, అంతవరకే.

ఒంటిచేతి పట్టు అంటే అందరికీ 2014 నవంబర్‌లో డాలస్ కౌబాయ్స్ మీద రిసీవర్ ఓడెల్ బెక్‌హమ్ పట్టినదే గుర్తొస్తుంది. ఆటకి ముందు వార్మప్‌లో అతను అలాంటివి ప్రాక్టీస్ చేసేవాడు. పైగా ఆ పాసులో డిఫెండర్ అతన్ని అడ్డుకున్నందుకు ఫౌల్ కూడా ఇచ్చారు. రెండు చేతులూ ఖాళీగా ఉన్నప్పుడు రెండూ వాడాలి.

బెరీ, యూనిటాస్‌ల లాగే, క్వార్టర్‌బ్యాక్ పేటన్ మానింగ్, రిసీవర్ మార్విన్ హారిసన్ కూడా ఒక జోడీ, 112 టచ్‌డౌన్లు చేసింది. ప్రాక్టీస్ అయ్యాక ఉండిపోయి రూట్లన్నీ ఒకదాని తర్వాత ఒకటి వేసుకున్న జోడీ అది. మీ క్వార్టర్‌బ్యాక్‌ని నువ్వే వెళ్లి అడుగు, పావుగంట ఉంటావా అని. సిగ్గుపడకు. అన్ని రూట్లూ వద్దు, మూడు చాలు: స్లాంట్ (ఏటవాలుగా లోపలికి), అవుట్, కర్ల్ (ఆగి వెనక్కి తిరగడం). మొదట డిఫెండర్ లేకుండా, కానీ నడకలో కాదు, ఆటలో పరిగెత్తే వేగంతోనే. కుదిరాక ఒక డిఫెండర్‌ని పెట్టుకోండి, వేసవిలో ఏడుగురేసి ఆడే సెవెన్-ఆన్-సెవెన్ ఆటల్లో పరీక్షించుకోండి. పాసు తప్పినప్పుడల్లా ఇద్దరూ దగ్గరికొచ్చి ఎవరు తొందరపడ్డారో, ఎవరు ఆలస్యమయ్యారో మాట్లాడుకోవాలి.

ఆగస్టు ఎండలో అయితే పొద్దున్నే కానిచ్చేయండి, నీళ్లు దగ్గర పెట్టుకోండి. మీ క్వార్టర్‌బ్యాక్‌కి భుజం నొప్పిగా ఉందంటే ఆ రోజు బంతి పట్టుకోకండి. అతను అయిదడుగులు వెనక్కి, నువ్వు పది గజాలు ముందుకి, ఒట్టి అడుగులే వేసి ఇళ్లకి వెళ్లండి.

ఆశీర్వదిస్తూ,
మీ మామయ్య