అతిథి యంత్రానికి ఆతిథేయి భాష

ఒకే కంప్యూటరును అనేక కంప్యూటర్లవలె పనిచేయించే సాఫ్ట్‌వేరునకు హైపర్‌వైజరు అని పేరు. అది ఆతిథేయి. దానిపై నడిచే వర్చువల్ మెషీన్లు అతిథులు. మన ఉర్దూ విద్యార్థులకు మేజ్బాన్, మెహమాన్ అన్నచో విషయము వెంటనే బోధపడును.

అతిథికి సొంత డిస్కుగాని, నెట్‌వర్కు కార్డుగాని లేవు. ఆతిథేయి ఇంటెల్ ఇ1000 వంటి ఒక పాత కార్డును అనుకరించి చూపును. అతిథి దానిని నిజమని నమ్మి చేసే ప్రతి పనిని ఆతిథేయి మధ్యలో ఆపి అనువదింపవలెను. ఇది ప్రతి మాటకు దుబాసీని పెట్టుకొని సంభాషించుట వంటిది. పని జరుగును గాని కాలహరణము తప్పదు. పారావర్చువల్ డ్రైవరు ఉన్న అతిథి తాను అతిథినని ఎరిగి, ఆతిథేయి భాషలోనే మాట్లాడును. ఉమ్మడి మెమరీలో తన కోరికలను వరుసగా పేర్చి, ఒక్కసారి సైగ చేయును.

2003లో కేంబ్రిడ్జి పరిశోధకులు ప్రకటించిన జెన్ ఈ పద్ధతికి ప్రసిద్ధి తెచ్చినది. అయితే ఒక్కొక్క హైపర్‌వైజరుది ఒక్కొక్క భాష. జెన్‌లో అతిథివైపు ఫ్రంటెండ్, ఆతిథేయివైపు బ్యాకెండ్ డ్రైవర్లుండును. కేవీఎంలో వాడే వర్టియోను రస్టీ రస్సెల్ రూపొందించగా, 2008 జనవరిలో వెలువడిన లినక్స్ 2.6.24లో అది చేరినది. హైపర్-వికి వీఎంబస్, వీఎంవేర్‌కు వీఎంఎక్స్‌నెట్3, పీవీఎస్‌సీఎస్‌ఐ కలవు. నేటి లినక్స్‌లో ఇవన్నియు సాధారణముగా సిద్ధముగానే ఉండును. విండోస్‌కు మాత్రము వర్టియో డ్రైవర్లను మనమే అందింపవలెను. కొత్తగా ఇన్‌స్టాల్ చేయునపుడు డిస్కు కనిపింపకున్నచో, వర్టియో-విన్ ఐఎస్ఓను రెండవ సీడీగా జతచేసి, "లోడ్ డ్రైవర్" వద్ద వర్టియో బ్లాక్ డిస్కునకు వియోస్టార్‌ను, వర్టియో స్కజీ డిస్కునకు వియోస్కజీని ఎన్నుకొనవలెను.

ఇక్కడ మా పొరపాటు ఒకటి చెప్పక తప్పదు. కేవీఎంలో ఐడీఈ డిస్కుతో నడుస్తున్న ఒక విండోస్ అతిథిని వేగము కొరకు ఏకముగా వర్టియోకు మార్చితిమి. తెర నీలమైనది. బూట్ డిస్కు అందుటలేదన్న సందేశము వచ్చినది. విద్యార్థుల సంవత్సరపు ప్రాజెక్టులన్నియు అందులోనే ఉన్నవి! ప్రతి మాత్రము వేరొకచోట లేదు. కొంతసేపటికి గాని డిస్కు చెడలేదని, దానిని చదివే డ్రైవరు మాత్రమే అతిథివద్ద లేదని మాకు తోచలేదు. మరల ఐడీఈకి మార్చగా యంత్రము లేచినది. తరువాత చిన్న వర్టియో డిస్కు ఒకటి అదనముగా తగిలించి, విండోస్‌ను పాత పద్ధతినే నడిపి, డ్రైవరును స్థాపించి, యంత్రమును ఆపి, అప్పుడు ప్రధాన డిస్కును మార్చితిమి. ఈసారి చిక్కు రాలేదు.

లినక్స్‌లోను ఇదే సూత్రము. వర్టియో మాడ్యూల్ ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్‌లో ముందే ఉండవలెను. డిస్కు పేరు ఎస్‌డీఏ నుండి వర్టియోలో వీడీఏగా, జెన్‌లో ఎక్స్‌వీడీఏగా మారును గనుక ఎఫ్ఎస్‌టాబ్‌లో యూయూఐడీ వ్రాయుట క్షేమము.

విద్యార్థులారా, మార్పునకు ముందు ప్రతి తీసి భద్రపరచుడు. అతిథికి భాష నేర్పిన పిమ్మటనే దుబాసీకి సెలవు ఇండు.