గాలికి ఎదురేగడం

రాయదుర్గం కొండపై, విజయనగర కాలంనాటి కోటగోడల నడుమ నిలిచినవారిని మొదట పలకరించేది గాలి. పడమటి కనుమల వర్షచ్ఛాయలో ఉన్న అనంతపురం సీమకు ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానే దక్కుతుంది. నైరుతి ఋతుపవనం తన నీటిని కనుమలకు ధారపోసి, ఒట్టి గాలిని ఇటు పంపుతుంది. ఆ గాలితో ఇక్కడ మరలు తిరుగుతున్నాయి. మరి మనిషి ఎగరగలడా?

1978లో ఫ్రాన్సులోని మియుస్సీ గ్రామం వద్ద ముగ్గురు పారాచూట్ క్రీడాకారులు విమానంతో పని లేకుండా కొండవాలు నుండి పరుగెత్తి గాలిలోకి లేచారు. పారాగ్లైడింగ్ అలా వ్యాప్తిలోకి వచ్చింది. 2015లో ప్రపంచ కప్ పోటీలు హిమాచల్ ప్రదేశ్‌లోని బీర్ బిల్లింగ్‌లో జరిగాయి. మహారాష్ట్రలోని కామ్షేట్‌లో శిక్షణ సంస్థలున్నాయి. గురువు లేక నేర్వదగిన విద్య కాదిది. ఈ పాఠం చదివి ఎవరూ కొండ ఎక్కరాదు.

పారాగ్లైడర్‌కు ఎముకలు లేవు. రెండు పొరల నైలాన్ వస్త్రం మధ్య అరలుంటాయి. ముందంచున ఉన్న నోళ్ళ గుండా గాలి చొరబడి అరలు బిగిసినప్పుడే ఆ వస్త్రం రెక్క అవుతుంది. ప్రారంభకులకు తగినది ఐరోపా ప్రమాణాలలోని 'ఎ' తరగతి రెక్క. గాలి ఒడుదుడుకులకు ఒక ప్రక్క ముడుచుకొన్నా, తనంతట తాను తెరుచుకొనే గుణం దానికి ఎక్కువ.

గాలి ఎదురుగా, నిలకడగా, గంటకు 10 నుండి 20 కిలోమీటర్ల వేగంతో వీయాలి. ఈ రెక్క వేగం గంటకు 35 కిలోమీటర్లకు కొంచెం అటూ ఇటూ. ఎదురుగాలి అంతకు మించితే మనిషి వెనుకకు కొట్టుకొనిపోయి కొండ చాటు సుడులలో పడతాడు. ఆషాఢపు గాలి మరలకే తగును. వేసవి మధ్యాహ్నం ఎండిన చేలలో దుమ్మును స్తంభంలా లేపే సుడిగాలిని మీరు చూచే ఉంటారు. అది లేచే వేళ రెక్క విప్పరాదు. ఇక స్థలం మాటకు వస్తే, గండశిలల రాయదుర్గం కొండ ప్రారంభకునికి పనికిరాదు. ముళ్ళు, కరెంటు తీగలు లేని పచ్చిక వాలు కావాలి.

సుందరకాండలో వాల్మీకి హనుమంతుని లంఘనానికి ముందు మహేంద్రగిరిపై అతని సన్నాహాన్ని విస్తరించి వర్ణించాడు. ఇక్కడ కూడ సన్నాహానికే ఎక్కువ సమయం వెచ్చించాలి. రెక్కను గాలికి అభిముఖంగా, అర్ధచంద్రాకారంలో పరచాలి. త్రాళ్ళలో ముడి, చిక్కు, పుల్ల ఉన్నాయేమో ఒక్కొక్కటిగా చూడాలి. శిరస్త్రాణం ధరించి, తొడపట్టీలు బిగించాలి. తొడపట్టీలు మరచి గాలిలో జారిపడి మరణించినవారిలో అనుభవజ్ఞులు కూడ ఉన్నారు. అత్యవసర పారాచూట్ సూది స్థానంలో ఉన్నదో లేదో చూడాలి.

తరువాత ముందు పట్టీలను, బ్రేకు పిడులను పట్టుకొని స్థిరంగా ముందుకు నడవాలి. రెక్క నెత్తి మీదికి రాగానే, అది ముందుకు దూసుకుపోకుండ బ్రేకులను కొద్దిగా లాగి, తలయెత్తి చూడాలి. ఒక అర ముడుచుకొన్నా, త్రాడు పెనవేసుకొన్నా బ్రేకులను పూర్తిగా లాగి ఆగిపోవాలి. చుట్టూ ఉన్నవారు నవ్వితే నవ్వనీయండి. అంతా సవ్యంగా ఉంటే ఛాతీ ముందుకు వంచి వేగంగా పరుగెత్తాలి, ఎగిరి దూకరాదు. పాదాలు నేల విడిచినా పరుగు మానరాదు. రెక్క తిరిగి క్రుంగితే ఆ కాళ్ళే ఆధారం. నేల బాగా దూరమైనదని రూఢి అయిన తరువాతనే ఆసనంలో కూర్చోవాలి.