మనసు వినే విద్య

పాఠ్యభాగ నేపథ్యం

శరీరానికి జబ్బు చేస్తే వైద్యుని వద్దకు వెళ్ళడానికి ఎవరూ సంకోచించరు. మనసు నలిగినపుడు మాత్రం నలుగురూ ఏమనుకొంటారోనని దాచుకొంటారు. ఆ మనసుకు చికిత్స చేసే నిపుణులు ఎలా తయారవుతారో, వారి చదువు, శిక్షణ, పరిశోధన ఎటువంటివో తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం. మానసిక అనారోగ్యం పట్ల సమాజంలో ఉన్న అపోహలను తొలగించడం కూడ దీని లక్ష్యం.

పాఠం

హైదరాబాదు నగరంలో మాసబ్ ట్యాంక్ ఎరుగనివారు అరుదు. అక్కడ ఒకప్పుడు చెరువు ఉండేది. కుతుబ్‌షాహీల కాలంలో ప్రజలు 'మా సాహెబా' అని గౌరవంగా పిలుచుకొన్న రాజమాత పేరు ఆ చెరువుకు వచ్చిందని, అదే జనుల నోట నలిగి మాసబ్ ట్యాంక్ అయిందని చెబుతారు. నేడు చెరువు లేదు. ఆ చోట చాచా నెహ్రూ ఉద్యానవనం ఉంది. పేరు మాత్రం మిగిలింది.

మాసబ్ ట్యాంక్ నుండి బంజారాహిల్స్ మీదుగా వెళితే పంజాగుట్టలో నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థ, అనగా నిమ్స్ ఆసుపత్రి కనబడుతుంది. దానిని దాటితే శిక్షణ కేంద్రాలతో, వసతి గృహాలతో కిటకిటలాడే అమీర్‌పేట. ఇంకొంత ముందుకు సాగితే ఎర్రగడ్డ. అక్కడ ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉంది. కొన్ని మైళ్ళ ఈ దారిలోనే మనసును గురించిన చదువు, చికిత్స, పరిశోధన అన్నీ మనకు ఎదురవుతాయి.

అయితే 'ఎర్రగడ్డ' అన్న మాటను మనవారు ఎలా వాడుతున్నారు? ఎవరైనా కాస్త వింతగా ప్రవర్తిస్తే "వీణ్ణి ఎర్రగడ్డకు పంపాలి" అని నవ్వుతారు. సినిమాలలోని హాస్య సన్నివేశాలు ఈ ఎగతాళికి మరింత ఊతమిచ్చాయి. కంటి ఆసుపత్రి పేరు చెప్పి ఎవరూ నవ్వరు. మనసుకు వైద్యం చేసే చోటు మాత్రం పరిహాసానికి గురియైంది. ఆ నవ్వుకు వెరచి సకాలంలో చికిత్సకు వెళ్ళని వారు ఎందరో ఉన్నారు.

మనసుకు చికిత్స చేసేవారిలో ముఖ్యంగా రెండు రకాల నిపుణులు ఉంటారు. వైద్యవిద్య చదివి, మనోరోగ చికిత్సలో ప్రత్యేక పట్టా పొందినవారు సైకియాట్రిస్టులు. వీరు మందులు రాస్తారు. మనోవిజ్ఞాన శాస్త్రాన్ని చదివి, ఆసుపత్రిలో శిక్షణ పొందినవారు క్లినికల్ సైకాలజిస్టులు. వీరు సంభాషణ ద్వారా, పరీక్షల ద్వారా రోగి ఆలోచనలను, ఉద్వేగాలను, ప్రవర్తనను అర్థం చేసుకొంటారు. మాటలతోను, అభ్యాసాలతోను చికిత్స చేస్తారు. సాధారణంగా వీరు మందులు ఇవ్వరు. రోగి మేలు కోరి ఇరువురూ కలిసి పనిచేస్తారు.

ఈ శాస్త్రం ఒక విద్యార్థి కష్టం నుండి పుట్టిందంటే ఆశ్చర్యం కలుగుతుంది. 1896లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో లైట్నర్ విట్మర్ అనే ఆచార్యుని వద్దకు, అక్షరక్రమం ఎంతకూ పట్టుబడని ఒక బాలుణ్ణి అతని ఉపాధ్యాయురాలు తీసుకొనివచ్చింది. విట్మర్ ఆ బాలుణ్ణి మందబుద్ధి అని తేల్చివేయలేదు. ఓపికగా పరీక్షించి, కంటిచూపులో లోపం ఉన్నదని గ్రహించి, దానిని సరిచేయించి, ఆపైన ప్రత్యేక బోధన ఏర్పాటు చేశాడు. ఆ సంవత్సరమే తొలి మానసిక చికిత్సాకేంద్రం ఆయన చేతులమీదుగా వెలసింది. నింద వేయడానికి ముందు కారణం వెదకాలి అన్నది ఈ శాస్త్రం నేర్పిన తొలి పాఠం.

మన దేశంలో 1916లో కలకత్తా విశ్వవిద్యాలయంలో మనోవిజ్ఞాన శాఖ ఏర్పడింది. అదే విశ్వవిద్యాలయం నుండి గిరీంద్రశేఖర బోస్ 1921లో ఈ శాస్త్రంలో డాక్టరేట్ పొందారు. మనసు అణచివేసుకొనే కోరికలను గురించి ఆయన సిద్ధాంత గ్రంథం రచించారు. స్వాతంత్ర్యానంతరం బెంగుళూరులో నెలకొన్న అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థలో 1955లో క్లినికల్ సైకాలజీ శిక్షణ మొదలయింది. ఆ సంస్థయే 1974 నుండి నిమ్‌హాన్స్‌గా ప్రసిద్ధి పొందింది.

ఈ వృత్తిలో ప్రవేశించగోరే విద్యార్థి ప్రయాణం సుదీర్ఘమైనది. ఇంటర్మీడియెట్ తరువాత మనోవిజ్ఞానం ఒక విషయంగా పట్టభద్రుడు కావాలి. పిదప స్నాతకోత్తర విద్య. ఆపైన భారత పునరావాస మండలి గుర్తించిన సంస్థలో రెండు సంవత్సరాల పూర్తికాల శిక్షణ. దీనికి చాలాకాలం ఎం.ఫిల్. పట్టాయే రాజమార్గంగా ఉండేది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2022లో ఎం.ఫిల్. పట్టాను నిలిపివేసింది. అయితే ఈ శిక్షణకు 2025-26 విద్యాసంవత్సరం వరకు గడువునిచ్చింది. కనుక చేరదలచినవారు ఆ సంవత్సరపు నిబంధనలను మండలి ప్రకటనలలో చూసుకోవాలి. 1992 నాటి పునరావాస మండలి చట్టం ప్రకారం పేరు నమోదు చేసుకొన్నవారే ఈ వృత్తిని చేపట్టాలి. పరిశోధనపై మక్కువ గలవారు ఆ తరువాత పిహెచ్.డి.లో చేరుతారు.

గ్రంథాలయంలో నేర్చిన శాస్త్రానికి ఆసుపత్రిలోనే అసలైన పరీక్ష ఎదురవుతుంది. ఒక దృశ్యాన్ని ఊహించుకొందాం. ఇంగ్లీషులో పాఠాలు చదివిన ఒక పరిశోధక విద్యార్థిని ఎదుట కరీంనగర్ ప్రాంతపు వృద్ధురాలు కూర్చున్నది.

"బిడ్డా, పాణం బాగుంటలేదు. గుండె మీద బండ పెట్టినట్టుంటది. రాత్రి కన్ను మూతపడదు" అన్నది ఆమె.

"ఎప్పటి నుండి ఇట్లా ఉంటున్నదమ్మా?" అని అడిగింది విద్యార్థిని.

"నా కొడుకు దుబాయి పోయినప్పటి సంది, బిడ్డా."

విద్యార్థిని పుస్తకంలో 'గుండె నొప్పి' అని రాసుకొన్నది. పర్యవేక్షకురాలు ఆ కాగితం చూసి, "ఆమె నొప్పి అనలేదు కదా! బండ అన్నది. ఆమె ఏ మాట అన్నదో ఆ మాటే రాయి. గుండె పరీక్ష చేయించడం అత్యవసరం; అది మరచిపోవద్దు. ఆ తరువాత కొడుకును గురించి అడుగు" అని చెప్పింది.

ఈ శిక్షణలోని సారమంతా ఇంతే. మన భాషలో మానసిక వేదనకు పేర్లకు కొదువ లేదు. బెంగ, దిగులు, గుబులు, మనాది, విసుగు - ఇవన్నీ ఒకటి కావు. తల్లికోసం పిల్లవాడు పెట్టుకొనే బెంగ వేరు. ఏమి జరుగుతుందోనన్న గుబులు వేరు. కొందరు దుఃఖాన్ని దుఃఖమని చెప్పరు. తలనొప్పి అంటారు, నీరసం అంటారు. మరికొందరు గాలి సోకిందంటారు. శిక్షణ పొందిన చెవి ఆ మాటలను తృణీకరించదు. వాటి వెనుక ఉన్న బాధను ఆలకిస్తుంది. నగరంలో తెలుగుతో పాటు దక్కనీ ఉర్దూ మాట్లాడే రోగులూ వస్తారు గనుక ఆ నుడికారం కూడ అలవరచుకోవలసినదే.

రోగి చరిత్రను సేకరించడం, మానసిక స్థితిని పరిశీలించడం, పరీక్షలు నిర్వహించడం, నిర్ధారణకు రావడం, చికిత్సకు పథకం వేయడం, ప్రతి దశనూ నివేదికగా రాసి పర్యవేక్షకుల ముందుంచడం - ఇది నిత్యకృత్యం. ప్రజ్ఞను కొలిచే పరీక్షలను పరాయి దేశం నుండి యథాతథంగా తెచ్చుకొంటే ఫలితం తప్పుతుంది. మంచును చూడని బాలుణ్ణి మంచు గురించి అడిగితే అతని తెలివి తెలియదు. అందువల్లనే సి.ఎం. భాటియా చదువు రానివారికి సైతం పనికివచ్చే పరీక్షలను 1955లో ప్రకటించారు. నాగపూర్‌లో మాలిన్ భారతీయ బాలలకు తగినట్లు ప్రజ్ఞా పరీక్షను మలిచారు. సికింద్రాబాదులో 1984లో నెలకొన్న జాతీయ మానసిక వికలాంగుల సంస్థ మేధోవైకల్యం గల పిల్లలకు, వారి తల్లిదండ్రులకు సేవలందిస్తూ శిక్షణ కూడ ఇస్తున్నది. దాని పేరు ఇప్పుడు మేధోవైకల్యం గలవారి సాధికారత జాతీయ సంస్థగా మారింది.

పరిశోధన అంటే పుస్తకాలలో ఉన్నదానిని తిరిగి రాయడం కాదు. మన ముంగిట ఉన్న ప్రశ్నను గుర్తించడం. ఇందుకు పంజాగుట్ట నిమ్స్‌లో జరిగిన కృషి చక్కని ఉదాహరణ. జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి క్రమంగా క్షీణించే డిమెన్షియా వ్యాధి సోకిన 648 మంది రోగులను డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం పరిశీలించింది. వారిలో 391 మంది రెండు లేదా అంతకు మించి భాషలు మాట్లాడేవారు. ఒకే భాష తెలిసినవారి కంటె వీరిలో వ్యాధి సగటున నాలుగున్నర సంవత్సరాలు ఆలస్యంగా మొదలయిందని 2013లో ఆ బృందం ప్రకటించింది. చదువు వల్ల ఈ భేదం వచ్చిందేమోనన్న సందేహం సహజం. అయితే నిరక్షరాస్యులలో కూడ ఈ తేడా కనబడింది. విద్య, వృత్తి, గ్రామ నివాసం, నగర నివాసం వంటి అంశాలను లెక్కలోకి తీసుకొన్న తరువాత కూడ ఫలితం నిలిచింది. ఇంట్లో ఒక భాష, బజారులో మరొక భాష సహజంగా వాడే హైదరాబాదు వంటి నగరంలోనే ఈ ప్రశ్నకు ఇంత చక్కగా సమాధానం వెదకవచ్చు. రెండవ భాషగా తెలుగును అభ్యసిస్తున్న విద్యార్థులు ఈ విషయాన్ని ప్రత్యేకంగా గమనించాలి. అయితే భాషలు నేర్చినవారికి వ్యాధి రానే రాదని ఈ పరిశోధన చెప్పలేదు. చూసినదానిని చూసినంత మేరకే చెప్పడం పరిశోధకుని ధర్మం.

మరొక ధర్మం గోప్యత. రోగి చెప్పిన మాట గది దాటరాదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం దీనిని రోగి హక్కుగా గుర్తించింది. రోగికి గాని, ఇతరులకు గాని హాని కలిగే ప్రమాదం ఉన్నపుడు, దానిని నివారించడానికి అవసరమైనంత మేరకు చెప్పవచ్చును. పరిశోధనలో పాల్గొనేవారికి విషయమంతా వివరించి, వారి సమ్మతి పొందాలి, పేర్లు బయటపెట్టరాదు. తన మనసును తాను చూసుకోవడం కూడ శిక్షణలో భాగమే. రోజంతా ఇతరుల దుఃఖాన్ని విన్నవారు తమ అలసటను పర్యవేక్షకులతో పంచుకోకపోతే వారి వినికిడి మొద్దుబారుతుంది.

ఇటువంటి నిపుణుల అవసరం మన దేశానికి ఎంతో ఉన్నది. 12 రాష్ట్రాలలో జరిగిన 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం వయోజనులలో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక రుగ్మతతో బాధపడుతున్నారు. వారిలో అత్యధికులకు చికిత్స అందడం లేదు. విద్యార్థులూ దీనికి అతీతులు కారు. 2019 ఏప్రిల్‌లో ఇంటర్మీడియెట్ పరీక్షాఫలితాలు వెలువడిన తరువాత తెలంగాణలో పలువురు విద్యార్థులను మనం పోగొట్టుకొన్నాం. మార్కుల పట్టిక ఒక సంవత్సరపు లెక్క మాత్రమే. అది మనిషి విలువను తూచే త్రాసు కాదు. ఆ సంగతి చెప్పి, పక్కన కూర్చుని, మాట వినేవారు ఒక్కరున్నా కొన్ని ప్రాణాలు నిలుస్తాయి.

మనసు బరువెక్కినపుడు తల్లిదండ్రులతోనో, అధ్యాపకులతోనో, స్నేహితులతోనో చెప్పుకోవాలి. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి-మానస్ సేవకు 14416 నంబరుపై రాత్రింబవళ్ళు ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. అందరమూ సైకాలజిస్టులం కానక్కరలేదు. కాని ఎదుటివారి మాటను నవ్వకుండా, తొందరపడకుండా వినడం అందరమూ నేర్వదగిన విద్యయే. 'ఎర్రగడ్డ' అన్న మాట వినగానే నవ్వు కాక, అక్కడ స్వస్థత పొంది ఇంటికి మరలిన మనుషులు గుర్తుకు వచ్చిన నాడు మన సమాజం ఆరోగ్యవంతమైనదని చెప్పవచ్చు.

కఠిన పదాలకు అర్థాలు

సంకోచించు = వెనుకాడు
అపోహ = తప్పు అభిప్రాయం
పరిహాసం = ఎగతాళి
వెరచి = భయపడి
స్నాతకోత్తర విద్య = డిగ్రీ తరువాతి చదువు
పర్యవేక్షకురాలు = దగ్గరుండి పని గమనించి సరిదిద్దే స్త్రీ
మనాది = లోలోపల తొలిచే చింత
తృణీకరించు = గడ్డిపోచగా చూడు, లక్ష్యపెట్టకుండు
నుడికారం = భాషకు సహజమైన పలుకుబడి
గోప్యత = రహస్యంగా ఉంచడం
స్వస్థత = ఆరోగ్యం

అభ్యాసం

I. ఈ క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. క్లినికల్ సైకాలజిస్టు పొందే విద్యను, శిక్షణను వివరించండి.
2. మానసిక చికిత్సలో మాతృభాషకు గల ప్రాధాన్యాన్ని పాఠం ఆధారంగా విశదీకరించండి.

II. ఈ క్రింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.
1. లైట్నర్ విట్మర్ బాలుని సమస్యను ఎలా పరిష్కరించాడు?
2. నిమ్స్‌లో జరిగిన పరిశోధన ఏమి తెలిపింది? ఏమి తెలుపలేదు?
3. గోప్యతకు గల మినహాయింపు ఏది? ఎందుకు?

III. ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. మాసబ్ ట్యాంక్‌కు ఆ పేరు ఎలా వచ్చిందని చెబుతారు?
2. గిరీంద్రశేఖర బోస్ డాక్టరేట్ పొందిన సంవత్సరమేది?
3. టెలి-మానస్ సేవ నంబరు ఎంత?

IV. సందర్భ సహిత వ్యాఖ్యలు రాయండి.
1. "ఆమె ఏ మాట అన్నదో ఆ మాటే రాయి."
2. "నా కొడుకు దుబాయి పోయినప్పటి సంది, బిడ్డా."

V. విడదీసి, సంధుల పేర్లు రాయండి.
అత్యవసరం, స్వాతంత్ర్యానంతరం, మనోవిజ్ఞానం

VI. విగ్రహవాక్యాలు రాసి, సమాసాల పేర్లు తెలపండి.
తల్లిదండ్రులు, రెండు సంవత్సరాలు, పరీక్షాఫలితాలు