బహుళ ఎవాపరేటర్ల శీతల గిడ్డంగిలో రిఫ్రిజిరెంట్ ప్రవాహ నియంత్రణ

కోనసీమలో అరటి తోటలు, రొయ్యల చెరువులు దగ్గరదగ్గరగా ఉన్నాయి. రెండు దిగుబడులూ త్వరగా పాడయ్యేవే అయినా వాటికి కావలసిన చలి వేరు. పచ్చి అరటి నిల్వకు 13-14 డిగ్రీల సెల్సియస్ అనుకూలం. అంతకు తగ్గితే తొక్క నల్లబారి, కాయ సరిగా పండదు. ఘనీభవింపజేసిన రొయ్యలకు -18 డిగ్రీలు లేదా అంతకు తక్కువ అవసరం. అమలాపురం సమీపంలోని బండారులంక వంటి గ్రామంలో ఈ రెండు గదులను ఒకే కంప్రెసర్‌తో నడపదలచినపుడు రిఫ్రిజిరెంట్ ప్రవాహ నియంత్రణ కీలకమవుతుంది.

సమస్య మూలం

రిఫ్రిజిరెంట్ మరిగే ఉష్ణోగ్రతను దాని పీడనమే నిర్ణయిస్తుంది. ఆర్-134ఎ 5 డిగ్రీల వద్ద మరగడానికి సుమారు 3.5 బార్, -25 డిగ్రీల వద్ద సుమారు 1.06 బార్ నిరపేక్ష పీడనం ఉండాలి. రెండు ఎవాపరేటర్లను ఒకే సక్షన్ గొట్టానికి నేరుగా కలిపితే రెండింటిలోనూ తక్కువ పీడనమే నెలకొంటుంది. అపుడు అరటి గది కాయిల్‌పై మంచు పేరుకుంటుంది. గాలిలో తేమ తగ్గి కాయల బరువు తరుగుతుంది. కాయిల్‌కు చేరువలోని గెలలకు చలిదెబ్బ తగులుతుంది.

నియంత్రణ పరికరాలు

1. సోలినాయిడ్ వాల్వ్: గది థర్మోస్టాట్ ఆదేశంతో ఆ గదికి ద్రవ సరఫరాను తెరుస్తుంది, మూస్తుంది.

2. థర్మోస్టాటిక్ ఎక్స్‌పాన్షన్ వాల్వ్: ప్రతి ఎవాపరేటర్‌కు విడిగా ఉండాలి. ఇది గది ఉష్ణోగ్రతను గాక, కాయిల్ నుండి వెలువడే ఆవిరి సూపర్‌హీట్‌ను అదుపు చేస్తుంది.

3. ఎవాపరేటర్ పీడన నియంత్రణ వాల్వ్: అరటి గది కాయిల్ నిర్గమం వద్ద అమర్చితే, కాయిల్‌లో పీడనం 3.5 బార్ కంటే తగ్గకుండా కాపాడుతుంది.

4. నాన్ రిటర్న్ వాల్వ్: రొయ్యల గది కాయిల్ నిర్గమం వద్ద ఉండాలి. కంప్రెసర్ ఆగినపుడు అరటి గది వైపు ఆవిరి చల్లని కాయిల్‌లోకి చేరి ద్రవీభవించకుండా ఇది అడ్డుకుంటుంది.

5. అల్పపీడన స్విచ్: రెండు సోలినాయిడ్లూ మూసుకున్నపుడు సక్షన్ పీడనం పడిపోగానే కంప్రెసర్‌ను ఆపుతుంది.

విద్యుత్ వ్యయం

పీడన నియంత్రణ వాల్వ్ కాయను కాపాడుతుంది గాని విద్యుత్తును ఆదా చేయదు. 3.5 బార్ వద్ద వెలువడిన ఆవిరి పీడనాన్ని 1.06 బార్‌కు తగ్గించి, తిరిగి కంప్రెసర్‌తో పెంచవలసి వస్తుంది. పీడనం తగ్గినపుడు ఆవిరి సాంద్రత సుమారు మూడో వంతుకు పడిపోవడం వలన, అంతే ద్రవ్యరాశికి కంప్రెసర్ దాదాపు మూడు రెట్లు ఘనపరిమాణాన్ని పీల్చుకోవాలి.

ముగింపు

అరటి గది భారం మొత్తంలో స్వల్పభాగమైతే పై అమరిక సముచితం. అరటి భారమే అధికమైతే దానికి వేరొక కంప్రెసర్ ఏర్పాటు చేయడమే దీర్ఘకాలంలో లాభదాయకం. అందువలన గిడ్డంగి రూపకల్పనకు ముందే, కోతల కాలంలో ఒక్కో గదికి రోజుకు చేరే సరుకు పరిమాణాన్ని విస్తరణ శాస్త్రవేత్తలు రైతులతో కలిసి లెక్కగట్టాలి.