పిడికెడు బియ్యము

పాఠశాల వాకిలి తెఱచుట యొకటి. లోపలికి వచ్చిన బిడ్డకు పుస్తకము, కూడు, పండుకొనుటకు చోటు సమకూర్చుట వేఱొకటి. మొదటిది శాసనముచే కావచ్చును. రెండవది ధనము లేనిదే కానేరదు. ఆ ధనము ఎవ్వరి చేతులనుండి రావలెను, ఎవ్వరి మాటచొప్పున వ్యయము కావలెను అను సంగతిని ఈ వ్యాసమున విచారింతము.

మన వాడరేవునకు ఎగువ నున్న గుంటూరునకు 1842లో లూథరను మిషనువారి హేయరుగారును, దిగువ నున్న ఒంగోలునకు 1866లో బాప్టిస్టు మిషనువారి క్లౌగారును వచ్చిరి. ఒంగోలులో అగ్రవర్ణములవారు తమ పిల్లల చదువునకై మొదట క్లౌగారి నాశ్రయించిరి. ఇంతలో యెఱ్ఱగుంట్ల పేరయ్యగారి మూలమున మాదిగలు సంఘమున చేరసాగిరి. వారిని చేర్చుకొన్న యెడల తమ పిల్లలను పంపబోమని పెద్దలు చెప్పిరి. ఆ దినమున క్లౌ దంపతులు ఒకరి సంగతి నొకరెఱుగకయే కొరింథీయుల మొదటి పత్రికలో మొదటి యధ్యాయము 26వ వచనమునొద్ద బైబిలు తెఱచి, బీదల పక్షమునే వహించిరి. పెద్దల పిల్లలు వెడలిపోయిరి. రుసుము నీయగలవారు పోయి, ఈయలేనివారు మిగిలిన బడికి ద్రవ్యమెట్లు? చాల యేండ్లు అది సముద్రమున కావలినుండియే వచ్చెను.

అయినను ఇచ్చట పేదరాండ్ర చేతిలో నొక యుపాయ ముండెను. తల్లి యెసటిలో బియ్యము పోయుటకు ముందు పిడికెడు తీసి వేఱు కుండలో వేయును. ఆదివారము నాడు దానిని గుడికి తెచ్చి కానుకగా పోయును. బియ్యము నమ్మిన సొమ్ము సంఘపు పెట్టెలో చేరును. కోతపండుగనాడు మిరపకాయలు, గుమ్మడికాయలు, కోళ్లు వేలమునకు వచ్చును. ఒక గుమ్మడికాయ బజారు ధరకు మూడింత లకు పోవుటయు, కొన్నవాడే దానిని మరల వేలమునకు పెట్టుటయు మనలో చాలమంది చూచినదే. దోర్నకలు బిషపు అజరయ్యగారు పల్లెల క్రైస్తవులకు ఈయుటను నేర్పుటయే గొప్ప పనిగా నెంచిరి. 1939లో ప్రతిష్ఠింపబడిన అచ్చటి దేవాలయమునకు పల్లెవారి కానుకలు చాల సాయపడెను. కూలివాని కానుకను చిన్నదని తోసివేయుట యనిన, అతనిని ఎల్లప్పుడును పుచ్చుకొనువానిగనే యుంచుట యని మా యభిప్రాయము.

విద్యార్థులే తమ కళాశాలను నిలిపిన కథ యొకటి అమెరికాలో గలదు. ఇచ్చట కులమెట్లో అచ్చట రంగట్లు అడ్డుగ నుండెను. బానిసత్వము తొలగిన పిమ్మట నల్లవారి విద్యకై నాష్‌విల్లు నగరమున 1866లో ఫిస్కు విద్యాలయమును తెఱచిరి. అయిదేండ్లకే అది మూతపడు స్థితికి వచ్చెను. అప్పుడు కోశాధికారి జార్జి వైటుగారు తొమ్మండుగురు విద్యార్థులను వెంటబెట్టుకొని 1871 అక్టోబరున పాటకచేరీలకు బయలుదేరిరి. వారిలో పలువురు బానిసలుగ పుట్టినవారే. పెక్కుచోట్ల హోటళ్లు వారికి బస నీయలేదు. ఆ మాసముననే చికాగో నగరము తగులబడగా, తమకే తిండికి కటకటగ నున్నను, తొలి కచేరీలలో వచ్చిన సొమ్మును ఆ బాధితుల కిచ్చివేసిరి. మొదట జనులకు రుచించిన పాటలను పాడి, పిదప తమ తల్లిదండ్రులు పొలములలో పాడుకొనిన భక్తిగీతములకు మరలిరి. వానితోనే కీర్తి వచ్చెను. మొదటి యాత్రనుండి 20,000 డాలర్లతో ఇంటికి వచ్చి, 1873లో ఇంగ్లండునకు పోయి విక్టోరియా రాణి యెదుట పాడిరి. వారి పాటసొమ్ముతో కట్టిన జూబిలీ హాలు నేటికిని నిలిచియున్నది.

మన దేశమున నిట్టి నిధులలో పెద్దది గాంధీగారు 1933 నవంబరు మొదలు తొమ్మిది మాసములు తిరిగి కూర్చిన హరిజన నిధి. సంతకమునకు ఐదు రూపాయలు పుచ్చుకొనుచు, కానుకలను వేలము వేయుచు, సుమారు 8 లక్షల రూపాయలు సేకరించిరి. ఆ డిసెంబరున ఆంధ్రదేశమునకును వచ్చిరి. కాని ఈ సేవాసంఘమును గూర్చి అంబేద్కరుగారు 1932లోనే ఒక ఆక్షేపణ తెలిపియుండిరి. కొందఱు వ్యక్తులను బాగుచేయుట చాలదు. బావులు, బడులు, దారులు అందఱకును తెఱపించుటకే ధనము వినియోగింపవలెను. పనివారు ఆ జాతులనుండియే రావలెను అని వారి వాదము. అది సాగకపోగా సంఘమునుండి తొలగిరి. ఈ విషయమున అంబేద్కరుగారి మాటయే సరియైనదని మాకు తోచుచున్నది. పెట్టె తాళముచెవి యెవ్వరియొద్ద నుండునో వారి యిష్టమే నిధికి దారి చూపును.

మన యూరి సంగతికి వత్తము. తూర్పుతీరమున ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు 61 దినములు యంత్రపు పడవల వేట నిషిద్ధము. బడులు తెఱచునది జూన్‌లోనే. కావున పుస్తకములు, దుస్తులు కొనవలసిన వారముననే బెస్తవాని యింట రూపాయి యుండదు. మిరప, ప్రత్తి పండించు రైతులకో, వేసవికి ముందే పంట సొమ్ము చేతికి వచ్చును. నిధిని ఫిబ్రవరి, మార్చి మాసములలో కూర్చి జూన్ మొదటి వారముననే పంచిపెట్టవలెను. ఆగస్టున ఇచ్చినచో అప్పటికే పిల్లవాడు వలల పనికి పోయియుండును. పంచువారిలో సగము మంది బెస్తపాలెము, మాలపల్లె, మాదిగపల్లెల తల్లులే యుండవలెను. జమాఖర్చులను అందఱియెదుట చదువవచ్చును గాని పుచ్చుకొన్న పిల్లల పేళ్లను మాత్రము చదువరాదు.